రూపచిత్రణ: పేరు, వేషం, ముఖం

ఫలానా మనిషి అని గుర్తుపట్టేలా గీసిన బొమ్మ, చెక్కిన శిల్పం, తీసిన ఫొటో అన్నీ రూపచిత్రణ కిందికే వస్తాయి. పోలిక కుదరడమే దీనికి ప్రాణమని సాధారణంగా అనుకుంటాం. దక్కనులోని పాత ఉదాహరణలు చూస్తే ఆ అభిప్రాయం మార్చుకోవలసి వస్తుంది. ఇక్కడ చాలాకాలం మనిషిని పట్టిచ్చినవి పక్కన చెక్కిన పేరు, తలపాగా, నిలబడ్డ తీరు.

పుణె జిల్లా జున్నర్ దగ్గర నానేఘాట్ కనుమలో సాతవాహనుల గుహ ఉంది. దాని వెనక గోడ మీద సిముకుడు, నాగనిక, శాతకర్ణి, రాజకుమారుల విగ్రహాలు వరసగా ఉండేవి. ఇప్పుడు పాదాల ఆనవాళ్లే మిగిలాయి. వాటి పైన బ్రాహ్మీ లిపిలో చెక్కిన పేర్లను మాత్రం చదవగలుగుతున్నాం. తర్వాతి కాలంలో వాసిష్ఠీపుత్ర పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వంటివారు వెండి నాణేల మీద తమ ముఖాలు వేయించుకున్నారు. ప్రత్యర్థులైన పశ్చిమ క్షత్రపుల నాణేల నుంచి తెచ్చుకున్న పద్ధతి అది.

తెలుగువారు ఎక్కువగా చూసిన రూపశిల్పం తిరుమలలో ఉంది. మహాద్వారం దాటగానే ఉన్న మండపంలో శ్రీకృష్ణదేవరాయలు, ఆయనకు ఇరుపక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి రాగి విగ్రహాలు చేతులు జోడించి నిలబడి ఉంటాయి. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. రాయల కాలంలోనే విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాజును చూసి రాసిపెట్టాడు: మధ్యరకం ఎత్తు, తెల్లని ఛాయ, సన్నం అనడం కన్నా లావు అనదగ్గ ఒళ్లు, ముఖాన స్ఫోటకపు మచ్చలు. తిరుమల విగ్రహానికి ఆ మచ్చలు లేవు, ఒళ్లూ సన్నమే. శిల్పికి చేతకాక అలా చేశాడనుకోలేం. ఎందుకంటే వేషం విషయంలో అతను చాలా శ్రద్ధ తీసుకున్నాడు.

విజయనగర కొలువులో పెద్దలు తలకు పొడవాటి కుళ్లాయి టోపీ, ఒంటినిండా కబాయి అనే అంగీ వేసుకునేవారు. ఈ రెండూ ఇస్లామీయ రాజ్యాల దర్బారు దుస్తుల నుంచి వచ్చినవి. తిరుమల విగ్రహంలో రాయలకు కుళ్లాయి ఉంది, కబాయి లేదు. తల చూస్తే సుల్తానులకు తీసిపోని ప్రభువు. ఆచ్ఛాదన లేని ఛాతీ, పంచె, జోడించిన చేతులు చూస్తే వేంకటేశ్వరుడి భక్తుడు. ఆ రాజ్యం తన్ను తాను ఎలా ఊహించుకుందో ఏ శాసనమూ ఇంత సూటిగా చెప్పలేదనిపిస్తుంది.

లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పరివారంతో కనిపిస్తారు. అక్కడా ఎత్తైన కుళ్లాయిలే వాళ్ల హోదాను చాటుతాయి.

కెమెరా వచ్చాక అసలు ముఖం తప్పించుకోలేకపోయింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణ పొందిన ఫొటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, నిర్వహణను ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించాడు. పరాయి మగవాడి కంట పడకుండా ఫొటో తీయించుకునే వీలు అలా దొరికింది. దక్కను రూపచిత్రణ చరిత్రలో దీనికి దక్కవలసినంత గుర్తింపు ఇంకా దక్కలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఎవరి ముఖం వేయాలన్న ప్రశ్న కరెన్సీ నోట్ల దగ్గర తలెత్తింది. బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ తీసేసి గాంధీ బొమ్మ వేద్దామని మొదట నమూనాలు తయారుచేశారు. చివరికి మనిషి ముఖం వద్దనుకుని సారనాథ్ సింహాలను ఎంచుకున్నారు; 1949 నాటి రూపాయి నోటు మీద అవే ఉన్నాయి. 1969లో శతజయంతి సందర్భంగా, సేవాగ్రామ్ నేపథ్యంలో కూర్చున్న గాంధీ నోట్ల మీదికి వచ్చాడు. 1987లో గాంధీ బొమ్మతో 500 రూపాయల నోటు, 1996లో మహాత్మాగాంధీ శ్రేణి వచ్చాయి. ఈ శ్రేణిలోని నవ్వుముఖం చిత్రకారుడి ఊహ కాదు. 1946లో బ్రిటిష్ మంత్రి పెథిక్ లారెన్స్‌తో కలిసి ఉన్న ఫొటో నుంచి గాంధీని మాత్రమే విడదీసి తీసుకున్నారు.