అద్దె ఇంట్లో తుపాకీ – ఒక చట్టం వెనుక కథ



ఇల్లు మారే రోజున ముందు పాలు పొంగించే గిన్నె బయటికి వస్తుంది, ఆ తరువాత దేవుడి పటాలు, బియ్యం మూట, పిల్లల పుస్తకాలు. కొన్ని ఇళ్ళలో అన్నిటికంటే చివర ఒక పొడుగాటి పెట్టె కూడా వస్తుంది. కొత్త ఇంటి యజమాని అరుగు మీద కూర్చుని అడుగుతాడు: "ఏమయ్యా, అందులో ఏముంది?" సామాను దించుతున్న మనిషి ఒక్క క్షణం తటపటాయిస్తాడు. అది తాత నాటి తుపాకీ. లైసెన్సు ఉంది, ప్రతిసారీ రెన్యూవల్ చేయిస్తూనే ఉన్నాడు. అయినా నోరు పెగలదు. చెబితే ఇల్లు దక్కదేమో, చెప్పకపోతే తప్పవుతుందేమో అని సందేహం.

ఆ సందేహం గురించే ఈ పూట మాట్లాడుకుందాం. సొంత ఇల్లు లేనివాడు తుపాకీని ఎక్కడ పెట్టుకోవాలి? చట్టం ఏమంటుంది? ఆ చట్టం మన దాకా ఎలా వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలంటే రెండు వందల ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

1800లో నిజాం నవాబు బళ్ళారి, కడప ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. దత్త మండలం అన్న పేరు అప్పుడే వచ్చింది. ఈనాటి అనంతపురం కూడా అందులోదే. 1882 దాకా అది బళ్ళారి జిల్లాలో భాగంగానే ఉండేది. కంపెనీ తరఫున ఈ సీమకు కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కంటికి మొదట ఆనింది పాలెగాళ్ళ కోటలు, వాటిలోని ఆయుధాలు, వాటిని పట్టిన కట్టుబడి బంట్లు. అప్పట్లో ఆయుధం ఎవరి చేతిలో ఉంటే పన్ను వసూలు చేసే అధికారం వారిదే. అందుకే మన్రో 1807లో వెళ్ళిపోయేలోగా పాలెగాళ్ళ బలగాలను చాలావరకు రద్దు చేశాడు. కొందరికి భరణాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. ఆ రోజుల్లో తుపాకీ ఇంటి వస్తువు కాదు, కోట వస్తువు. కోట పోయిన తరువాత దాన్ని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్న పుట్టింది. ఆ అణచివేతకు బదులుగానే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరగబడ్డాడు. ఆయన వెంట నడిచినవారిలో జీవనం కోల్పోయిన కట్టుబడులు ఉన్నారు. 1847లో ఆయనను ఉరి తీశారు.

తరువాత పదేళ్ళకే 1857 తిరుగుబాటు వచ్చింది. అది అణగిన తరువాత జనం చేతుల్లో ఆయుధాలు ఉండకూడదన్న ఆలోచన తెల్లదొరల్లో గట్టిపడింది. 1878లో లార్డ్ లిట్టన్ వైస్రాయిగా ఉండగా భారత ఆయుధాల చట్టం వచ్చింది. దేశభాషా పత్రికల నోరు నొక్కిన చట్టం కూడా ఆ ఏడాదే వచ్చిందని గుర్తు చేసుకోండి. కలాన్నీ తుపాకీనీ ఒకే ఏడు కట్టేశారన్న మాట. ఆయుధాల చట్టం కింద మన వాళ్ళకు లైసెన్సు తప్పనిసరి. ఐరోపా వాళ్ళకు మాత్రం మినహాయింపు. అంటే ఒకే వీధిలో రెండు బంగళాలు ఉంటే, ఒక బంగళాలో తుపాకీ గోడకు అలంకారం, రెండో బంగళాలో అదే తుపాకీ నేరం.

ఈ అవమానం చదువుకున్నవారిని బాగా కుట్టింది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభలోనే ఆయుధాల చట్టం మీద తీర్మానం వచ్చింది. అహింసను జీవితమంతా చాటిన గాంధీ మహాత్ముడు సైతం 1918లో సైన్యంలో చేరమని ప్రజలను కోరుతూ వేసిన కరపత్రంలో ఈ చట్టాన్ని తీవ్రంగా నిందించారు. 1930లో వైస్రాయి ఇర్విన్ ముందు ఆయన ఉంచిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది ఒకటి. ఆయన కోరింది హింస కాదు. ఒక జాతిని నమ్మదగని జాతిగా చూడవద్దని కోరారు.

ఇక మన్యం వైపు చూడండి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసి తుపాకులను, తూటాలను పట్టుకుపోయాడు. కొండ జనం చేతిలో తుపాకులు లేకుండా చేస్తే చాలనుకున్న ప్రభుత్వం తన సొంత ఠాణాలో తుపాకుల భద్రతను మరిచింది. ఆయుధాన్ని దాచే చోటు సర్కారుదైనా సరే, కాపలా సరిగా లేకపోతే అది ఎవరి చేతికైనా పోతుందని ఆ మూడు రోజులు రుజువు చేశాయి. నేటి చట్టాల్లో భద్రపరచడం గురించి అంత పట్టుదల ఎందుకని అడిగేవారికి ఈ ఉదాహరణ ఒక్కటి చాలు.

స్వాతంత్ర్యం వచ్చాక ఏమైంది? 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు పౌరుడికి ఉండాలన్న మాట ఉంది. 1948 డిసెంబరులో రాజ్యాంగ పరిషత్తులో హెచ్.వి. కామత్ ఆ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చాలని సవరణ తెచ్చారు. అంబేద్కర్ అంగీకరించలేదు. సవరణ వీగిపోయింది. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. కనుక మన దేశంలో తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, ప్రభుత్వం షరతులతో ఇచ్చే అనుమతి. ఈ తేడా తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

1878 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. అది 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. పొట్టి గొట్టం కాని సాదా తుపాకీని రక్షణకు, వేటాడే క్రీడకు, నోట మందు దట్టించే తుపాకీని పంట కాపలాకు అడిగే రైతును ఆ చట్టం ప్రత్యేకంగా తలచుకుంది. అడవి పందుల బెడద ఉన్న పల్లెల వారికి ఆ మాట విలువ తెలుసు. 2016లో కొత్త నియమావళి వచ్చింది. 2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా మూడు తుపాకులన్నది రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. లైసెన్సు లేకుండా మామూలు తుపాకీ ఉంచుకుంటే రెండేళ్ళకు తగ్గని జైలు అని శిక్ష కూడా పెరిగింది.

ఇప్పుడు మన అరుగు మీదికి తిరిగి వద్దాం. ఆయుధాల చట్టం లైసెన్సును ఇంటికి ఇవ్వదు, మనిషికి ఇస్తుంది. ఆ మనిషి సొంత ఇంట్లో ఉన్నాడా, అద్దె ఇంట్లో ఉన్నాడా అని తేడా చూపదు. అద్దెకున్నంత మాత్రాన లైసెన్సు చెల్లకుండా పోదు. అయితే అద్దె పత్రంలో ఆయుధాలు వద్దని రాసుకుని సంతకం పెట్టి ఉంటే, అది మీకూ యజమానికీ మధ్య ఒప్పందం. దానికి కట్టుబడాలి. అందుకే సంతకానికి ముందే నోరు విప్పి చెప్పడం మంచిది. యజమాని గారికి లైసెన్సు చూపించి మాట్లాడితే ఆయన భయమూ తీరుతుంది, మీ మనసూ కుదుటపడుతుంది.

చట్టం అడిగేది వేరే ఉంది. ఇల్లు మారి 30 రోజులకు మించి వేరేచోట ఉండేటట్లయితే, ఆ 30 రోజుల లోపల కొత్త చోటి లైసెన్సు అధికారికి తెలియజేయాలి. లైసెన్సు ఇచ్చిన పాత అధికారికీ తెలపాలి. అడిగినప్పుడు తుపాకీని, లైసెన్సును చూపించాలి. సొంత ఇంటివాడికి ఈ షరతు జీవితంలో ఒకసారి కూడా అవసరం పడకపోవచ్చు. అద్దె ఇంటివాడికి రెండు మూడేళ్ళకోసారి పడుతుంది. పిల్లల స్కూలు కోసం ఊరు మారిన రైతు, బ్యాంకు కాపలా ఉద్యోగం కోసం బెంగళూరులోనో చెన్నైలోనో ఒక గది తీసుకున్న మాజీ సైనికుడు ఇక్కడే పొరబడతారు. నేరం చేయాలన్న ఆలోచన వారికి ఉండదు. గడువు తేదీ మరిచిపోతారు, అంతే. షరతు తప్పితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

సరిహద్దు జిల్లాల వారికి ఇంకో చిక్కు ఉంది. ఒకప్పుడు గంజాం నుంచి బళ్ళారి దాకా అంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. 1936లో ఒడిశా ఏర్పడింది, గంజాం, కోరాపుట్ అటు వెళ్ళాయి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. 1954 దాకా యానాం ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండి, బ్రిటిషు చట్టం పరిధికి బయట ఉంది. 1956లో మళ్ళీ గీతలు మారాయి. మన వాళ్ళు కదలలేదు, గీతలు కదిలాయి. చేను ఒక రాష్ట్రంలో, అద్దె ఇల్లు ఒక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు ఎన్నో. మీ లైసెన్సు ఎంత మేర చెల్లుతుందో దాని మీదే రాసి ఉంటుంది. జిల్లాకో, రాష్ట్రానికో పరిమితమైన లైసెన్సు పట్టుకుని తుపాకీతో హద్దు రాయి దాటితే, అవతలి పక్క అది లైసెన్సు లేని తుపాకీ కిందే లెక్క. అది అర మైలు దూరమైనా ఒకటే. కనుక ముందు ఆ వాక్యం చదువుకోండి, అవసరమైతే పరిధి పెంచమని దరఖాస్తు పెట్టుకోండి.

మన పొరుగున ఉన్న కొడగు కథ కూడా వినదగ్గదే. అక్కడ కొడవ జాతివారికి, జమ్మా భూములున్న వారికి బ్రిటిషు కాలం నుంచి లైసెన్సు మినహాయింపు ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం దాన్ని 2029 అక్టోబరు దాకా పొడిగించింది. ఏటా కైల్ పోళ్దు పండుగకు వాళ్ళు తుపాకులను పూలతో పూజిస్తారు. అయితే ఆ మినహాయింపు జాతికీ, ఆ భూమికీ చెందింది. కాఫీ తోటల పనికి వెళ్ళి మడికేరిలో గది అద్దెకు తీసుకున్న మన వాడికి అది వర్తించదు.

ఇంట్లో ఎలా భద్రపరచాలి? దరఖాస్తు పెట్టినప్పుడే, ఆయుధాన్ని, తూటాలను సురక్షితంగా దాచుకుంటామని రాసి ఇవ్వాల్సిన రోజులివి. తాళం వేసిన గట్టి ఇనుప బీరువా కావాలి. తుపాకీలో తూటా ఉంచి దాచకూడదు. తూటాలు వేరేగా, వేరే తాళంలో ఉండాలి. తాళంచెవి లైసెన్సుదారు దగ్గరే ఉండాలి. ఇల్లు అద్దెది కాబట్టి యజమాని దగ్గర మారు తాళంచెవి ఉండవచ్చు, గోడ అవతల ఇంకో కుటుంబం ఉండవచ్చు, మన పిల్లలతో పాటు పక్క వాటా పిల్లలూ ఆడుకోవడానికి రావచ్చు. కనుక జాగ్రత్త రెట్టింపు కావాలి. పోతే మాత్రం దాచిపెట్టకుండా వెంటనే దగ్గరి పోలీసు స్టేషన్లో చెప్పాలి.

"ఊరికి వెళ్తున్నాను, నాలుగు నెలలు ఈ పెట్టె మీ ఇంట్లో ఉంచండి బాబాయ్" అని యజమానికి ఇవ్వవచ్చా? ఇవ్వకూడదు. 1972లో గుణవంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు, స్వాధీనం అంటే చేతిలో ఉండటం ఒక్కటే కాదని చెప్పింది. తెలిసి ఉండటం, దాని మీద అదుపు ఉండటం కూడా చూడాలన్నది. అంటే వేరేచోట దాచినా మీ బాధ్యత పోదు. తెలిసి దాచిన బాబాయి గారూ చిక్కులో పడతారు. ఆయనకు లైసెన్సు లేదు కదా! అలాంటప్పుడు లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర భద్రత కోసం డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. సైన్యంలో ఉన్నవారికి యూనిట్ ఆయుధాగారం ఉంది. లైసెన్సు గడువు తీరినా, లైసెన్సుదారు కాలం చేసినా ఆలస్యం చేయకుండా పోలీసు స్టేషన్లోనో వ్యాపారి దగ్గరో అప్పగించాలి. తండ్రి పోయిన ఇంట్లో పెద్దకర్మ హడావుడిలో ఈ సంగతి ఎవరికీ తట్టదు. ఏడాది తరువాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీద పెట్టె కనబడుతుంది. అప్పటికి అది లైసెన్సు లేని ఆయుధం. వారసులు తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ముందు అప్పగించడం, తరువాత అడగడం – ఆ వరస తప్పకూడదు.

శ్రోతలారా, పాలెగాడి కోట నుంచి ఠాణా గదికి, అక్కడి నుంచి మన అద్దె ఇంటి బీరువాలోకి తుపాకీ చేసిన ప్రయాణం ఇది. ఒకప్పుడు పరాయి ప్రభుత్వం మనల్ని నమ్మక ఆయుధం లాక్కుంది. ఇప్పుడు మన ప్రభుత్వం షరతులు పెట్టి కొందరి చేతికి ఇస్తోంది. ఆ నమ్మకం నిలిచేది ఒక ఉత్తరం మీద, ఒక రసీదు మీద, ఒక తాళంచెవి మీద. మీ ఇంట్లో అలాంటి పొడుగాటి పెట్టె ఉంటే, ఈ రాత్రి లైసెన్సు ఒకసారి బయటికి తీయండి. చిరునామా చూడండి. గడువు చూడండి. ఎంత మేర చెల్లుతుందో చూడండి. ఆ మూడూ సరిగా ఉంటే, కొత్త ఇంటి అరుగు మీద ఎవరు ఏమడిగినా తటపటాయించాల్సిన పని ఉండదు.