మంగళగిరిలో గృహ కొనుగోలు: దస్తావేజు లేఖరులు, న్యాయవాదుల రుసుములు – కొనుగోలుదారులు గమనించవలసిన అంశాలు

(ప్రత్యేక వ్యాసం)

మంగళగిరి: రాజధాని ప్రాంత పరిధిలోనున్న మంగళగిరిలో ఇల్లుగాని, ఫ్లాటుగాని కొనే కుటుంబం మూడు వేర్వేరు చెల్లింపులు చేయవలసి ఉంటుంది. అవి ప్రభుత్వ సుంకాలు, దస్తావేజు లేఖరి ప్రతిఫలం, హక్కు పత్రాలను పరిశీలించే న్యాయవాది రుసుము. మొదటిది ప్రభుత్వం నిర్ణయించినది. మిగిలిన రెండూ పరస్పర అంగీకారంపై ఆధారపడినవి. మూడింటినీ కలిపి ఒకే మొత్తంగా చెల్లించినచో ఏ పనికి ఎంత ఖర్చయినదో కొనుగోలుదారుకు తెలియదు.

ప్రభుత్వ సుంకాలు

రాష్ట్రంలో క్రయ దస్తావేజుపై స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, వెరసి 7.5 శాతం. క్రయధనం, మార్కెట్ విలువలలో ఏది ఎక్కువైతే దానిపై లెక్కిస్తారు. ఉదాహరణకు రూ.40 లక్షల ఇంటికి ఈ మొత్తం రూ.3 లక్షలు. స్వల్ప వినియోగ రుసుములు అదనం. వీటిని చలానా ద్వారా చెల్లించి రసీదు పొందవలెను.

దస్తావేజు లేఖరుల పాత్ర

క్రయ దస్తావేజును లేఖరి ద్వారానే రాయించవలెనని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిర్దేశించలేదు. ఆ చట్టంలోని 32వ సెక్షన్ ప్రకారం పక్షకారులు తామే దస్తావేజును దాఖలు చేయవచ్చును. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో నమూనా దస్తావేజులు లభిస్తాయి. ఆస్తి వివరాలను ప్రజలే నమోదు చేసుకొను సదుపాయం కూడా ఉన్నది. అందువలన లేఖరిని ఎంచుకొనుట, రుసుము ముందుగా మాట్లాడుకొనుట కొనుగోలుదారు హక్కు.

ఒకే వృత్తిలోనివారు కలసికట్టుగా ధర నిర్ణయించుకొనుట పోటీకి హానికరమని 2002 నాటి పోటీ చట్టం 3వ సెక్షన్ భావిస్తుంది. ఇంగ్లండులో గృహ బదిలీ పత్రాల తయారీపై సొలిసిటర్లకు గల గుత్తాధిపత్యాన్ని 1985లో చట్టం ద్వారా తొలగించి, లైసెన్సు పొందిన ఇతర నిపుణులకు అవకాశం కల్పించారు.

న్యాయ పరిశీలన ఆవశ్యకత

రుసుము తగ్గుటతోనే కొనుగోలుదారుకు రక్షణ లభించదు. మన దేశంలో రిజిస్ట్రేషన్ దస్తావేజుకే గాని హక్కుకు హామీ కాదు. విక్రేతకు హక్కు ఉన్నదా లేదా అని నిర్ణయించుట రిజిస్టరింగు అధికారి పని కాదని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో తమిళనాడుకు సంబంధించిన కేసులో స్పష్టం చేసినది. హక్కుకు ప్రభుత్వ గుర్తింపు కల్పించ ఉద్దేశించిన రాష్ట్ర భూమి హక్కుల చట్టం 2024లో రద్దయినది. కావున హక్కును పరిశీలించుకొను భారం కొనుగోలుదారుపైనే ఉన్నది.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ)లో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. రిజిస్టరుకాని వీలునామా, నోటిమాటగా జరిగిన కుటుంబ పంపకం, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండకపోవచ్చును. లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రికార్డు, నిర్మాణ అనుమతి, 22-ఏ నిషేధిత ఆస్తుల జాబితా న్యాయవాది చేత చూపించుకొనవలెను. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు ఈ జాబితా క్రిందకు వస్తాయి. అసైన్డు భూముల బదిలీని 1977 చట్టం నిషేధించినది.

హక్కు పత్రాలను అడిగినచో విక్రేత చూపవలెనని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెప్పుచున్నది. రెరా పరిధిలోని ప్రాజెక్టులలో రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకొనరాదని 2016 చట్టం 13వ సెక్షన్ నిర్దేశించినది.

కొనుగోలుదారులకు సూచనలు

* బయానా చెల్లించుటకు ముందే న్యాయాభిప్రాయం లిఖితపూర్వకంగా పొందవలెను.
* ఇద్దరు ముగ్గురు లేఖరుల, న్యాయవాదుల రుసుములు విచారించి, పనుల వివరంతో రసీదు తీసుకొనవలెను.
* విక్రేత సూచించిన న్యాయవాదిపైనే ఆధారపడరాదు.
* “ఆఫీసు ఖర్చుల” పేరిట సొమ్ము అడిగినచో అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో తెలియజేయవచ్చును.
* మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు తదితర అర్హులు 1987 న్యాయ సేవల అధికార సంస్థల చట్టం క్రింద ఉచిత న్యాయ సలహా కోరవచ్చును. జాతీయ సహాయ నంబరు 15100.