తలారి నుంచి సీసీ కెమెరా వరకు: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో నిఘా చరిత్ర

కీలకపదాలు: కావలి, తలారి, స్టువర్టుపురం, నేరస్థ జాతుల చట్టం, హిస్టరీ షీట్, సీసీ కెమెరా.

ప్రవేశిక

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో నేడు బంగారు దుకాణం మొదలు బస్‌స్టాండు వరకు సీసీ కెమెరాలు కనిపిస్తాయి. ఊరికి వెళ్ళేవారు తలుపుకు తాళం వేయడంతో పాటు ఇంట్లో కెమెరా కూడా అమర్చుకొంటున్నారు. దీనిని కేవలం సాంకేతిక పరిణామంగా చూడటం మనకు అలవాటైంది. కాని ఎవరు ఎవరిని కనిపెట్టి ఉండాలి, చూసిన దానిని ఎవరు రాసిపెట్టుకోవాలి, నష్టం జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అనే ప్రశ్నలు కెమెరా కంటే ఎంతో పాతవి. పూర్వపు గుంటూరు జిల్లాలోని ఈ తీరభాగం ఆ ప్రశ్నలను పరిశీలించడానికి ప్రత్యేకించి అనువైనది. అందుకు ముఖ్య కారణం బాపట్ల, చీరాల మధ్య రైలు మార్గంలో ఉన్న స్టువర్టుపురం. మన దేశపు నిఘా చరిత్రను ఆ ఊరిని విడిచి రాయడం సాధ్యం కాదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కావలి: జవాబుదారీ గల కాపలా

కంపెనీ పాలన స్థిరపడక ముందు దక్షిణాది గ్రామాల్లో కాపలా అటు హక్కు, ఇటు బాధ్యత కూడా. కావలికారుకు పంటలో వాటా గాని, రుసుము గాని ముట్టేది. దొంగతనం జరిగితే అతడు సొత్తు వెదికి తేవాలి, లేదా దాని విలువ చెల్లించాలి. పాలెగాళ్ళ చేతిలో ఈ రుసుము దౌర్జన్యపు వసూలుగా మారిన సందర్భాలు కూడా ఉన్నాయి కనుక దీనిని స్వర్ణయుగంగా చిత్రించనవసరం లేదు. అయితే కాపలా కాసేవాడు కాపలా పొందేవారికి జవాబుదారీ కావడమనే సూత్రం మాత్రం ఇందులో ఉంది. 1816లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన పదకొండవ రెగ్యులేషన్ గ్రామాధికారికి పోలీసు విధులు అప్పగించి, తలారిని అతని కింద ఉంచింది. 1859 నాటి చట్టంతో జీతం మీద పనిచేసే జిల్లా పోలీసు యంత్రాంగం ఏర్పడింది. ఆ తరవాత తలారి గ్రామ కచేరీలో చిన్న నౌకరుగా మిగిలాడు. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగాలు రద్దయ్యేదాకా ఆ పేరు ఊళ్ళలో వినబడుతూనే ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఈ తీరంలో పొలాలకు, కళ్ళాలకు, తోటలకు కాపలా కాసినవారిలో యానాదులు ఉన్నారు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాలు కూడా వారి కాపలా వృత్తిని నమోదు చేశాయి. అదే యానాదుల్లో కొన్ని సమూహాల పేర్లు తరవాత నేరస్థ జాతుల జాబితాకు ఎక్కాయి. ఊరు ఎవరిని నమ్మి ధాన్యం అప్పగించిందో, సర్కారు వారినే అనుమానితులుగా రాసుకొన్నది.

స్టువర్టుపురం: పుట్టుకతో వచ్చిన అనుమానం

నేరస్థ జాతుల చట్టం 1871లో ముందు ఉత్తర భారతానికి వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ఒక తెగను ప్రభుత్వం గెజెట్‌లో ప్రకటిస్తే చాలు, ఆ ప్రకటన చెల్లుబాటును న్యాయస్థానంలో ప్రశ్నించడానికి వీలు లేదు. నమోదైనవారి వేలిముద్రలు తీసుకోవచ్చు. నిర్ణీత వేళల్లో వచ్చి హాజరు పలకమనవచ్చు. నివాసం మారినా, ఇల్లు విడిచి వెళ్ళినా ముందుగా తెలుపమనవచ్చు. వారిని సెటిల్‌మెంట్లలో ఉంచవచ్చు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టవచ్చు. వేలిముద్రల పద్ధతి కూడా వలస పాలనలో రూపుదిద్దుకొన్నదే. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది.

1913లో బాపట్ల సమీపాన ఎరుకల కుటుంబాల కోసం సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన సెటిల్‌మెంటుకు సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఆయన మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడన్నది సాధారణంగా చెప్పుకొనే వివరం. కాని ఆయన ఉద్యోగ జీవితంలోని మిగతా ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1891 మద్రాసు జనాభా లెక్కల పర్యవేక్షకుడు ఆయనే. ఆ నివేదికలో కులాల పట్టికలు, వర్ణనలు ఉన్నాయి. 1904లో కేంద్ర నేర సమాచార విభాగం ఏర్పడినప్పుడు దాని తొలి డైరెక్టరు కూడా ఆయనే. కులాలను లెక్కించిన చేయి, దేశవ్యాప్త నిఘా దస్త్రాలను మొదలుపెట్టిన చేయి ఒక్కరిదే. చివరకు ఆ పేరే ఒక ఊరి పేరైంది. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా లెక్క, దస్త్రం, నివాసం ఒకే పాలనా దృష్టి నుంచి వచ్చాయనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

ఎరుకలు ఆ స్థితికి ఎలా చేరారన్న ప్రశ్నకు మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన ‘డిజానర్డ్ బై హిస్టరీ’ గ్రంథం సమాధానం చెబుతుంది. తీరంలోని ఉప్పును గాడిదల మీద, ఎడ్ల మీద లోపలి జిల్లాలకు చేరవేసి, బదులుగా ధాన్యం తెచ్చిన సంచార వర్తకులు వారు. ఉప్పు మీద సర్కారు విధానాలు, ఆ తరవాత వచ్చిన రైలు మార్గాలు ఈ వర్తకాన్ని దెబ్బతీశాయి. వృత్తి పోయిన సంచారి అధికారి కంటికి దిమ్మరిగా కనిపించాడు. దిమ్మరి దొంగగా మారడానికి రిజిస్టరులో ఒక పంక్తి చాలు. సెటిల్‌మెంటులోని శ్రామికులు చీరాలలోని ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ కర్మాగారానికి కూలీలుగా వెళ్ళిన తీరును కూడా ఆమె చర్చించారు. సాల్వేషన్ ఆర్మీ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టకర్ నేరాన్ని నయం చేసే శాస్త్రమంటూ ‘క్రిమినోక్యూరాలజీ’ అనే మాట కల్పించాడు. వ్యాధి ఉందని ముందే తీర్మానించి రోగిని వెదకిన శాస్త్రమది.

నిఘాను చర్చించే మన వ్యాసాల్లో బెంథామ్ పానాప్టికాన్, దాని మీద మిషెల్ ఫూకో 1975లో చేసిన వ్యాఖ్యానం తప్పనిసరి ప్రస్తావనలయ్యాయి. స్టువర్టుపురానికి ఆ నమూనా పూర్తిగా అతకదు. పానాప్టికాన్‌కు గోడలు, నడుమ బురుజు కావాలి. ఇక్కడ మనిషిని పట్టి ఉంచినవి హాజరు పిలుపు, అనుమతి చీటీ, వేలిముద్ర. కాపలావాడి చూపు కంటే కాగితం బలమైనది. నేటి కెమెరా వ్యవస్థను అర్థం చేసుకోవడానికి కూడా బురుజు కంటే ఈ కాగితమే ఎక్కువ ఉపకరిస్తుంది.

చట్టం రద్దు, దస్త్రాల కొనసాగింపు

స్వాతంత్ర్యం వచ్చే వేళకు మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశమంతటా అది 1952 ఆగస్టు 31న రద్దయింది. అయితే మద్రాసులో 1948 నాటికే అలవాటు నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో తన సొంత చట్టం చేసింది. కాగితం మీద తెగ పోయి వ్యక్తి వచ్చాడు. పోలీసు స్టేషన్లలో హిస్టరీ షీట్లు మాత్రం కొనసాగాయి. 1962 డిసెంబరులో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాత్రివేళ ఇళ్ళకు వెళ్ళి సోదా తీసే నిబంధనను కొట్టివేసింది గాని, మిగతా నిఘా పద్ధతులను నిలిపింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించేంతవరకు ఆ అస్పష్టత తొలగలేదు.

స్టువర్టుపురంలో 1970ల నుంచి లవణం, హేమలతా లవణం దంపతులు సాగించిన సంస్కరణ కృషి ఈ చరిత్రలో వేరొక మార్గం. నమోదుకు బదులు నమ్మకంతో ఆరంభించిన ప్రయత్నమది. హేమలత గుర్రం జాషువా కుమార్తె అన్నది సాహిత్య పాఠకులకు తెలిసినదే. అయినా 1991 నాటి ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’ వంటి సినిమాలు ఆ ఊరి పేరును వెండితెర మీద నేరానికి పర్యాయపదంగా నిలిపాయి. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, సామాజికంగా వెనుకబడిన వర్గాల నిర్దోషుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లకు ఎక్కుతున్నాయన్న అధ్యయనాలను ప్రస్తావించి, రాష్ట్రాలు తమ విధానాలను పరిశీలించుకోవాలని చెప్పవలసి వచ్చింది. రద్దయి ఏడు దశాబ్దాలు దాటిన చట్టం గురించి కోర్టు మాట్లాడుతున్నట్లే ఉంటుంది.

కెమెరా కాలం

ఇంటి భద్రతకు కెమెరాను తొలిసారిగా ప్రతిపాదించినవారిలో న్యూయార్కు నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ ముఖ్యురాలు. 1966లో ఆమె దరఖాస్తు చేసిన పేటెంటు 1969లో మంజూరైంది. పోలీసులు సకాలంలో రాని నల్లజాతి పేటలో తలుపు తట్టినవారెవరో లోపలి నుంచే చూసుకోవడం ఆమె ఉద్దేశం. చూపు ఇంటి యజమానురాలిదే.

మన దగ్గర పరిస్థితి కొంత భిన్నం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 2013 ప్రజా భద్రత (చర్యల) అమలు చట్టం ప్రకారం ఒకేసారి వందమంది, అంతకు మించి చేరే అవకాశం ఉన్న సంస్థలు కెమెరాలు పెట్టుకోవాలి. 30 రోజుల దృశ్యాలు భద్రపరచి, పోలీసులు కోరినప్పుడు ఇవ్వాలి. ఖర్చు యజమానిది, అడిగే అధికారం పోలీసులది. దృశ్యంలో ఉన్న బాటసారి ఈ ఏర్పాటులో ఎక్కడా కనబడడు. రాష్ట్ర పోలీసుల ‘లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్’ తాళం వేసిన ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా పెట్టి కంట్రోలు రూముకు సమాచారం పంపుతుంది. యజమాని కోరితేనే పెడతారు, తిరిగి రాగానే తీస్తారు. పాత కావలి పద్ధతికి కొంత దగ్గరైనది ఇదేననిపిస్తుంది. సొత్తు పోతే పరిహారమన్న మాట మాత్రం ఇందులో లేదు.

దొంగతనాలను ఛేదించడంలో కెమెరా ఉపయోగాన్ని ఎవరూ కాదనరు. అది కూడలిలో నడిచే అందరినీ సమంగానే చూస్తుంది. అసమానత మొదలయ్యేది ఆ బొమ్మను దేనితో పోల్చాలన్న చోట. 2018 జనవరి 18న తెలంగాణ పోలీసులు గత పదేళ్ళ కేసుల్లోని నిందితుల ఇళ్ళకు వెళ్ళి సర్వే జరిపి, ఆ ఇళ్ళను పటం మీద గుర్తించారు. అదే ఏడాది టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపు చేరింది. దుకాణపు కెమెరా 30 రోజుల్లో మరచిపోతుంది. దాని బొమ్మను సరిపోల్చే పట్టిక మరవదు. ఆ పట్టిక పాత హిస్టరీ షీట్ల నుంచి తయారైతే, 1911 నాటి పంక్తి కొత్త యంత్రంలోకి నడిచి వస్తుంది.

చూపు ఎదురు తిరిగిన సందర్భం కూడా ఒకటి ఉంది. 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీసు స్టేషనులో ప్రవేశద్వారం, లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టరు గది కెమెరా పరిధిలో ఉండాలనీ, దృశ్యాలు 18 నెలలు, సాధ్యం కాకుంటే కనీసం ఏడాది నిలవాలనీ ఆదేశించింది. కస్టడీలో బలప్రయోగం జరిగిందని ఫిర్యాదు చేసినవారి కోసం మానవ హక్కుల కమిషను ఆ దృశ్యాలను తెప్పించుకోవచ్చు. స్టువర్టుపురం సెటిల్‌మెంటులో రాత్రి హాజరు పలికినవారికి తమ రిజిస్టరు చూపమని అడిగే వీలు ఉండేది కాదు.