రాయికి మన పేరు

పాడేరు, అరకు కొండల్లో ఎక్కువగా కనిపించే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. కోందు ఆదివాసుల పేరే దానికి పెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో ఆ పేరు వచ్చింది. అంతకు ముందే 1882 మద్రాసు అటవీ చట్టం ఆ రాయి మీద పెరిగిన అడవిని రిజర్వు చేసే అధికారం సర్కారుకు ఇచ్చేసింది.

ఈ రాయి ఎండకూ వానకూ చివికి ఎర్రనేల అయింది. ఇందులో ఇనుము ఉంది కాబట్టి ఆ రంగు. వాలు మీద మట్టి పలచన. కొట్టుకొచ్చిన మెత్తటి మట్టి గెడ్డల పక్కన చేరుతుంది. మన పెద్దలు ఇది చూసే నేలను పంచుకున్నారు. గెడ్డ వారన మళ్లు కట్టి వరి, ఊరి దగ్గర గరువుల్లో చోడి, వలిసెలు, పై వాలులో సామ, కొర్ర, కంది. పనస, జీలుగు చెట్ల జోలికి మాత్రం పోలేదు.

పోడు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పలచని నేలకు బూడిదే ఎరువు. రెండు మూడేళ్లు పండించి వదిలేస్తే అడవి మళ్లీ లేచేది. ఆ విశ్రాంతికి చోటు కావాలి. రిజర్వు గీతలు పడ్డాక చోటు తగ్గింది. జనం పెరగడమూ ఒక కారణమే, కాదనను. కానీ అదే చెక్కకు త్వరగా తిరిగి రావలసి వచ్చి మట్టి కోసుకుపోయాక, ఆ బోడికొండలనే చూపించి పోడు తప్పన్నారు.  1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద జరిగిన దాడికి వెట్టిచాకిరీ ఒక కారణం. అడవి ఆంక్షల మీద కోపమూ అందులో ఉంది.

తర్వాత వాలుల మీదికి కాఫీ వచ్చింది. నీడకోసం ఆస్ట్రేలియా చెట్టు సిల్వర్ ఓక్ నాటారు. డబ్బు వచ్చింది, నిజం. ఇప్ప, అడ్డ, ఉసిరి ఉన్నచోట ఒకే రకం చెట్లు వరసగా నిలబడ్డాయి.

కొండల నెత్తిన ఇదే రాయి యుగాల వానలకు నాని నాని బాక్సైట్‌గా మారింది. ఆ పొర వాననీటిని పీల్చుకుంటుంది, కింద ఊటలై వస్తుంది. ఎండాకాలంలో మన గెడ్డలు పారేది ఆ నీటితోనే.

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల తగవు సుప్రీంకోర్టుకు వెళ్లి 1997లో సమత తీర్పుగా వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గని లీజులు చెల్లవనీ, 1/70 చట్టంలో ‘వ్యక్తి’ అన్న మాట ప్రభుత్వానికీ వర్తిస్తుందనీ కోర్టు చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్లలకు ఎర్రనేలల పాఠం చెప్పేరోజు ఆ తీర్పు గురించీ చెప్పొచ్చు, అరగంట చాలు.