నాందేడు తెలుగువారు – పరభాషాభ్యాసము

నిజాము పాలనలో నాందేడు జిల్లా కచేరీలయందు ఉర్దూయే రాజభాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన సైతము ఉర్దూలోనే సాగెను. మన పెద్దలు అర్జీలకు నకళ్లు వ్రాసి వ్రాసి ఆ భాషను వశపరచుకొనిరి. 1956 నవంబరు 1న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్ర రాష్ట్రము ఏర్పడెను. దస్త్రములు మరాఠీకి మారెను. సంతలో బేరమాడి నేర్చిన మరాఠీ నోట ఆడెను గాని, కాగితముపై చాలకపోయెను. ఉర్దూలో ఆరితేరిన గుమాస్తాలు నడివయస్సున దేవనాగరి దిద్దిరి. అవసరమును మించిన పంతులు లేడని మా తలంపు. తెలుగు లిపికి అట్టి అవసరమే కలుగలేదు. నేడు మా మనుమలు ఇంగ్లీషు, జర్మను ట్యూషనులకు పోవుచున్నారు, మంచిదే. ఇంట తెలుగు చక్కగా మాట్లాడుదురు. ఈ వ్యాసమును మాత్రము వారికి మేమే చదివి వినిపింపవలయును.