పుట్టిన నెల పువ్వు: అర్థం ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రీటింగ్ కార్డుల మీద, బహుమతుల దుకాణాలలో 'పుట్టిన నెల పువ్వు' పట్టికను మీలో కొందరు చూసే ఉంటారు. జనవరికి కార్నేషన్, స్నోడ్రాప్, మార్చికి డాఫొడిల్, జూన్‌కు గులాబీ, అక్టోబరుకు మారీగోల్డ్, నవంబరుకు చేమంతి. ప్రతి పువ్వు పక్కన ప్రేమ, ఆశ, దుఃఖం వంటి ఒక అర్థం కూడా ఉంటుంది. ఇది ప్రాచీన కాలం నుంచి మారకుండా వస్తున్న ఆచారమని అనిపిస్తుంది. కాని ఈ అర్థాలలో కొన్నింటి చరిత్రను పరిశీలిస్తే అవి పువ్వులో పుట్టలేదని, మనుషుల మాటల్లో పుట్టాయని తెలుస్తుంది. ఆ చరిత్రను ఈ పాఠంలో తెలుసుకుందాం.

ప్రాసలో దాగిన సందేశం

లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ 18వ శతాబ్దపు ఇంగ్లీషు రచయిత్రి. ఆమె భర్త ఒట్టోమన్ సామ్రాజ్యంలో బ్రిటిష్ రాయబారి. ఇస్తాంబుల్‌లో ఉన్నప్పుడు, 1718 మార్చిలో ఆమె ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో టర్కీ ప్రేమలేఖ ఒకదాన్ని వర్ణించింది. ఆ లేఖలో అక్షరాలు లేవు. చిన్న సంచిలో ముత్యం, లవంగం, పియర్ పండు, బొగ్గు, గులాబీ వంటి వస్తువులున్నాయి. ప్రతి వస్తువు పేరుకూ ప్రాస కుదిరే ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యమే దాని సందేశం. టర్కీ భాషలో 'అర్ముత్' అంటే పియర్ పండు, 'ఉముత్' అంటే ఆశ. కాబట్టి పియర్ పండు పంపితే 'నాకు కొంచెం ఆశ కల్పించు' అని అడిగినట్లు. మన భాషలో జామపండు పంపి 'క్షేమమా?' అని అడగడం వంటిదే ఇది. తెలుగు రానివారికి జామపండులో క్షేమం ఎలా కనిపించదో, టర్కీ భాష రానివారికి పియర్ పండులో ఆశ అలాగే కనిపించదు.

ఈ ఉత్తరాలు ఆమె మరణించిన మరుసటి సంవత్సరం, 1763లో అచ్చయ్యాయి. యూరప్ పాఠకులు దీనిని అంతఃపుర ప్రేమికుల రహస్య భాషగా ఊహించుకున్నారు. ఆస్ట్రియా పండితుడు జోసెఫ్ ఫాన్ హామర్ 1809లో ఇది ప్రధానంగా అంతఃపుర స్త్రీలు తమలో తాము ఆడుకొనే వినోదమని వివరించాడు. అయినా రహస్య ప్రేమ కథే ఎక్కువగా నిలిచింది.

పారిస్‌లో పుట్టిన నిఘంటువు

1819లో షార్లెట్ ద లాతూర్ అనే కలంపేరుతో 'పూల భాష' అనే ఫ్రెంచి పుస్తకం వెలువడింది. తరువాత ఇంగ్లండు, అమెరికాలలో ఇటువంటి పుస్తకాలు అనేకం వచ్చాయి. టర్కీ ప్రాసలు ఫ్రెంచిలో పనికిరావు. అందుచేత అర్థాలను కొత్తగా సమకూర్చుకోవలసి వచ్చింది. ఇక్కడ కూడా భాషే తోడ్పడింది. ఫ్రెంచిలో 'పాన్సే' అంటే ఆలోచన. పాన్సీ పువ్వు పేరూ అదే. అందుకే అది తలపుకు గుర్తయింది. 'సూసీ' అనే మాటకు దిగులు అనీ, కలెండ్యులా అనే పసుపు పువ్వు అనీ రెండర్థాలు. కలెండ్యులాను ఇంగ్లీషులో మారీగోల్డ్ అంటారు. ఫ్రెంచిలోని ఈ శ్లేష ఇంగ్లీషు పుస్తకాలకు చేరేసరికి శ్లేష పోయింది, దుఃఖం మిగిలింది!

మన బంతికి వచ్చిన నింద

మన బంతిపువ్వును కూడా ఇంగ్లీషులో మారీగోల్డ్ అనే అంటారు. కాని అది కలెండ్యులా కాదు. పెద్ద బంతికి 'ఆఫ్రికన్ మారీగోల్డ్' అని పేరున్నా, దాని పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. 1492 తరువాత అమెరికా ఖండాల మొక్కలు ఓడలలో ఇతర ఖండాలకు చేరాయి. మనకు బంతి అలా వచ్చినదే. కేట్ గ్రీనవే బొమ్మలతో 1884లో లండన్‌లో వెలువడిన ప్రసిద్ధమైన పూల భాష పుస్తకంలో ఈ ఆఫ్రికన్ మారీగోల్డ్‌కు ఇచ్చిన అర్థం 'మొరటు మనసులు'. అదే పువ్వుతో మెక్సికో ప్రజలు నవంబరు 1, 2 తేదీలలో గతించిన ఆత్మీయులను ఆహ్వానిస్తారు. మనం దసరాకు గుమ్మానికి తోరణం కడతాం, బతుకమ్మలో తంగేడు, గునుగులతో కలిపి పేరుస్తాం. పువ్వు ఒక్కటే, ఒకచోట నింద, ఒకచోట స్మృతి, ఒకచోట మంగళం. అచ్చులో ఉన్నంత మాత్రాన మొదటి అర్థం మిగిలినవాటి కంటె గొప్పది కాదు.

నెలకు పువ్వు ఎలా కుదిరింది?

నెలల పట్టికలో వాతావరణం పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. స్నోడ్రాప్ ఇంగ్లండు చలికాలం చివర మంచులో తలెత్తే పువ్వు. డాఫొడిల్ అక్కడి వసంతానికి గుర్తు. జపాన్‌లో పన్నెండు నెలల చొప్పున తయారైన 'హనఫుదా' పేకముక్కలలో జనవరికి పైన్, మార్చికి చెర్రీ, సెప్టెంబరుకు చేమంతి ఉంటాయి. ఏ దేశం పట్టికలో ఆ దేశపు తోటే కనిపిస్తుంది.

వ్యాపారం పాత్ర కూడా ఉంది. పుట్టిన నెల రత్నాల ప్రామాణిక జాబితాను అమెరికా ఆభరణ వర్తకుల సంఘం 1912లో ఖరారు చేసింది. పూల పట్టికలు మాత్రం నేటికీ ఒకదానితో ఒకటి పూర్తిగా కలవవు.

మన సాహిత్యం పూలను మనిషి పుట్టిన నెలతో కాక ఋతువుతో ముడిపెట్టింది. కాళిదాసు మేఘసందేశంలో అలకాపురి స్త్రీలు ఆరు ఋతువుల పూలనూ ఒకేసారి ధరిస్తారు. ఉగాది పచ్చడిలోని వేపపువ్వుకు అర్థం చెప్పడానికి నిఘంటువు అక్కరలేదు; నాలుకే చెబుతుంది.

బహుమతి ఇచ్చేటప్పుడు

నవంబరులో పుట్టిన ఫ్రెంచి మిత్రునికి పట్టిక చూసి చేమంతులు ఇస్తే ఆయన ఇబ్బంది పడవచ్చు. ఫ్రాన్సులో నవంబరు 1న సమాధుల మీద ఉంచే పూలవి. కనుక పువ్వు ఇచ్చే ముందు పట్టికను కాక, తీసుకునేవారిని తలచుకోవాలి. వారి ఊరిలో, వారు పుట్టిన రోజుల్లో ఏ పువ్వు పూస్తుందో తెలుసుకుని, ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాలు రాసి జతచేయండి. ఇస్తాంబుల్ స్త్రీలు చేసినదీ ఇదే: తమ భాషలో, తమవారికి అర్థమయ్యేలా చెప్పడం.

చేసి చూడండి: మీ ఊరిలో పన్నెండు నెలలలో పూసే పూల పట్టిక తయారు చేయండి. ప్రతి పువ్వును ఏ సందర్భంలో వాడతారో ఇంట్లో పెద్దలను అడిగి రాయండి. దానిని మీ మిత్రుల పట్టికతో పోల్చి, తేడాలకు కారణాలు చర్చించండి.