కలప రేవు నుంచి ఇసుక తీరానికి: అలాన్యా నగర చరిత్రపై ఒక పరిశీలన

టర్కీ దక్షిణ తీరంలో, అంటాల్యాకు తూర్పున సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది అలాన్యా. వేసవి విడిదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ముందుగా చేరేది కోటకొండకు పడమటి పక్కనున్న క్లియోపాట్రా తీరానికే. ఆ ఈజిప్టు రాణి ఇక్కడ జలకాలాడిందని ఊళ్లో చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ పేరు వెనుక చరిత్ర కొంత లేకపోలేదు. కొండల మీది నుంచి దించే దేవదారు కలప ఓడలు కట్టడానికి పనికొస్తుందనే రోమన్ సేనాని ఆంటొనీ ఈ ప్రాంతాన్ని క్లియోపాట్రాకు అప్పగించాడని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో రాశాడు. ఆమె కన్ను నౌకాదళం మీద ఉందన్నమాట. అలాన్యాను అర్థం చేసుకోవడానికి ఇసుక కన్నా ఈ కలపే దగ్గరి దారి అని నా వాదన.

ఊరి వెనుక టారస్ పర్వతాలు, ముందు సముద్రంలోకి చొచ్చుకొచ్చిన 250 మీటర్ల ఎత్తు రాతికొండ. కొరాకేసియం అన్న పాత పేరుతో ఇది సముద్రపు దొంగలకు స్థావరమైంది. క్రీ.పూ. 67లో రోమన్ సేనాని పాంపే వాళ్లను ఓడించింది ఈ రేవు దగ్గరే. దొంగలకైనా ఓడలు కావాలి, ఓడలకు మానులు కావాలి!

1221లో ఊరిని పట్టుకున్న సెల్జుక్ సుల్తాన్ అలావుద్దీన్ కైకుబాద్ దానికి తన పేరు మీద అలాయియే అని పేరు పెట్టాడు. కొన్యా రాజధానిగా పీఠభూమిని ఏలిన వంశానికి సముద్రం కొత్త. ఆ కొత్తదనంలోని పట్టుదల కట్టడాల్లో కనిపిస్తుంది. 1226లో అలెప్పో శిల్పి చేత ఎనిమిది పలకల ఎర్ర బురుజు కట్టించాడు. ఎత్తు 33 మీటర్లు. దాని అండన, రెండేళ్ల తేడాలో, ఓడలు కట్టే తెర్సానే లేచింది. పక్కపక్కనే అయిదు కమాను గదులు, వెనుక కొండరాయి, ముందు తలుపుల్లేని నోళ్లు. నేటికీ అలలు ఆ నోళ్లలోకి వచ్చి పోతుంటాయి. తర్వాతి శతాబ్దంలో ఇక్కడ దిగిన యాత్రికుడు ఇబ్న్ బతూతా, ఈ రేవు నుంచి కలప అలెగ్జాండ్రియాకు, డమియెట్టాకు వెళ్తుందని రాసుకున్నాడు. చెట్టు కరువైన ఈజిప్టుకు ఈ కొండలే అడవి.

1471లో ఊరు ఒట్టోమన్ల చేతికొచ్చింది. పేరు అలాన్యాగా స్థిరపడింది 1930లలో. ఇక అసలు మలుపు 1948లో, అదీ అనుకోకుండా వచ్చింది. రేవు పనులకు రాయి తవ్వుతుంటే కొండ పాదంలో దమ్లాతాష్ గుహ బయటపడింది. లోపలి వెచ్చని, తేమగల గాలి ఉబ్బసానికి మంచిదన్న నమ్మకం పాకింది. అలా తొలినాటి అతిథుల్లో చాలామంది ఈతకు కాక, ఊపిరి కోసం వచ్చారు. హోటళ్ల వరసలు తర్వాతి మాట. వాటికి చోటిచ్చిన తోటల్లో అరటితోటలూ ఉన్నాయి.

ఇప్పుడు ఎర్ర బురుజు కింద నుంచి బయల్దేరే విహార పడవల్లో కొన్ని సముద్రపు దొంగల ఓడల వేషం వేసుకుంటాయి. తెర్సానే ఎదుట వేగం తగ్గిస్తాయి. ప్రయాణికులు ఆ అయిదు కమానులనూ ఫోటో తీసుకుంటారు.